సదరంలో నడుముకు 30 శాతమే వేసి పింఛను నోటీసు ఇచ్చారు: అప్పీలులో ఏం రాయాలి?

అమ్మా, మీరు రాసిన విషయాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుని సమాధానానికి వస్తాను. మీ నాన్నగారికి 54 ఏళ్లు, ఊరు ఆదోని మండలంలో ఒక పల్లె, పని మార్కెట్ యార్డులో పత్తి బోరాలు మోసే హమాలీ. నడుములో ఎల్4–ఎల్5 డిస్కు (నడుము నాలుగో, అయిదో పూసల మధ్య ఉండే మెత్తని దిండు) జారి ఆపరేషన్ అయింది. ఆ తరువాత నొప్పి తగ్గలేదు సరికదా, కుడి పాదం పైకి లేవక నడిచేటప్పుడు వేళ్లు నేలకు తగులుతున్నాయి. పాత సదరం సర్టిఫికెట్‌లో (వైకల్యం ఎంత శాతమో ప్రభుత్వ డాక్టర్లు తేల్చి ఇచ్చే పత్రం) 48 శాతం ఉండటంతో దివ్యాంగుల పింఛను వచ్చేది. పునఃపరిశీలనలో కొత్త వైద్య బోర్డు 30 శాతం మాత్రమే వేయడంతో అనర్హులని నోటీసు అందింది. బరువు ఎత్తలేని, పది నిమిషాలు నిలబడలేని మనిషికి 30 శాతమేమిటి, దీనిపై ఎవరికి మొర పెట్టుకోవాలి, అర్జీలో ఏమి రాయాలి అన్నది మీ ప్రశ్న.

నేను మండల పరిషత్ కార్యాలయంలో పింఛన్ల సెక్షన్ చూసి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఇప్పటికీ ఇటువంటి అర్జీలు రాసిపెడుతూ ఉంటాను. నడుము కేసుల్లో నేను చూసిన అప్పీళ్లలో ఎక్కువ భాగం ఒకే కారణంతో వీగిపోయాయి. అర్జీ మొత్తం నొప్పి గురించే ఉంటుంది: రాత్రుళ్లు నిద్ర లేదని, మందులు మింగి మింగి కడుపు చెడిపోయిందని, ఇల్లు గడవడం లేదని. అవన్నీ నిజాలే. అయితే బోర్డు ముందు ఉన్న కొలమానంలో డిస్కు నొప్పికి ఒక హద్దు గీసి ఉంది, ఆ హద్దు 40 శాతానికి చేరక ముందే ఆగిపోతుంది. కాబట్టి మీ అప్పీలు నడుము నొప్పి గురించి కాకుండా, ఆ నడుము వల్ల దెబ్బతిన్న కాలు గురించి ఉండాలి. ఈ సమాధానమంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

వైకల్య శాతాన్ని డాక్టర్లు తమ అంచనాతో వేయరు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం కింద కేంద్ర ప్రభుత్వం 2018 జనవరి 4న గెజిట్‌లో కొలత మార్గదర్శకాలను ప్రకటించింది. 2024 మార్చిలో వాటిని సవరించి మళ్లీ ప్రకటించింది కనుక, అర్జీ రాసేటప్పుడు ప్రస్తుతం అమలులో ఉన్న ప్రతిని పక్కన పెట్టుకోవాలి. 2018 మార్గదర్శకాల్లో వెన్నెముకకు సంబంధించిన భాగంలో నడుము డిస్కు జబ్బుకు నాలుగు మెట్లు ఉన్నాయి. చికిత్స తీసుకున్నా నొప్పి మిగిలి ఉంటే 15 శాతం, నొప్పితో పాటు వెన్నుపూసల్లో నిలకడ లేకపోతే 20, నొప్పి వల్ల బరువులెత్తే పనులను ఒక మోస్తరుగా మార్చుకోవలసి వస్తే 25, నొప్పీ బిగుసుకుపోవడమూ రెండూ ఉండి బరువు ఎత్తితే పెరుగుతూ, బరువుతో కూడిన పనులన్నిటినీ మార్చుకోవలసి వస్తే 30. ఆ పైన ఇంకో మెట్టు లేదు. వెన్నుపూస విరిగిన కేసుల్లో, ఎక్స్‌రేలో నిలకడలేనితనం స్పష్టంగా కనిపించినప్పుడు కూడా నడుము భాగానికి 35 దగ్గరే ఆగుతుంది.

ఇప్పుడు మీ నాన్నగారి కొత్త సర్టిఫికెట్‌ను మరోసారి చూడండి. 30 శాతం వేశారంటే బోర్డు ఆయన నొప్పిని నమ్మలేదని అర్థం కాదు, పూర్తిగా నమ్మి డిస్కు వరుసలో అన్నిటికంటే పై మెట్టు ఇచ్చిందని అర్థం. బరువు మోయలేకపోతున్న హమాలీ అన్న మాట ఆ మెట్టుకు సరిగ్గా సరిపోతుంది. అందువల్ల ‘నా బాధను డాక్టర్లు పట్టించుకోలేదు’ అని అర్జీ మొదలుపెడితే మొదటి వాక్యంలోనే మీ వాదన పక్కదారి పడుతుంది. పట్టించుకోనిది నడుమును కాదు, పాదాన్ని. నడుముకు పై మెట్టు దాకా ఇచ్చి, నరం దెబ్బతిని కుడి కాలిలో వచ్చిన బలహీనతను లెక్కలో కలపలేదు అన్నదే మీరు చెప్పవలసిన విషయం. అదే మార్గదర్శకాలు, వెన్నెముక వైకల్యంతో పాటు నరాల లోపం ఉంటే దానిని విడిగా లెక్కగట్టి సూత్రం ప్రకారం కలపాలని కూడా చెబుతున్నాయి.

కలపడం అంటే మామూలు కూడిక కాదు, ఇక్కడే చాలామంది పొరబడతారు. పెద్ద శాతాన్ని అలాగే ఉంచి, 90లో నుంచి దానిని తీసివేసి, వచ్చిన దానితో చిన్న శాతాన్ని గుణించి, 90తో భాగించి, ఆ ఫలితాన్ని పెద్ద శాతానికి కలపాలి. నడుముకు 30, కాలికి 15 అనుకుందాం. 90లో నుంచి 30 తీస్తే 60, పదిహేను అరవైలు 900, దానిని 90తో భాగిస్తే 10, అంటే మొత్తం 40 శాతం అవుతుంది. కాలికి 20 వేస్తే మొత్తం 43 దాటుతుంది. నడుముకు 25 వేసి కాలికి 15 వేస్తే మాత్రం 36 దగ్గరే ఆగిపోతుంది. పింఛనుకు కావలసిన కనీస శాతం 40. చట్టంలో కూడా ఒక మనిషిని నిర్దిష్ట స్థాయి వైకల్యం గల వ్యక్తిగా గుర్తించడానికి అదే హద్దు. అంటే మీ నాన్నగారి విషయంలో నడుము 30 అలాగే నిలిచి, కాలికి కనీసం 15 నిరూపణ కావాలి. ఈ లెక్కను అర్జీలో రాసి డాక్టర్లకు పాఠం చెప్పనవసరం లేదు. ఏ కాగితం సంపాదించాలో, దేనికి డబ్బు ఖర్చు పెట్టకూడదో మీకు తెలియడానికి చెబుతున్నాను.

మరొక వైపు కూడా చెప్పాలి. మీ నాన్నగారికి పాదం బలం తగ్గకుండా, కేవలం నడుము నొప్పీ కాలిలోకి దిగే సలుపూ మాత్రమే ఉంటే, అప్పీలు వల్ల ఫలితం ఉండే అవకాశం చాలా తక్కువ. అటువంటివారిని నేను అప్పీలుకు ప్రోత్సహించను. ఎమ్మారై రిపోర్టులో రెండు మూడు డిస్కులు ఉబ్బాయని రాసి ఉంటే చాలు, శాతం పెరుగుతుందని చాలామంది నమ్ముతారు. ఎమ్మారై బొమ్మలో డిస్కులు అంతకంటే అధ్వాన్నంగా ఉన్నా మామూలుగా తిరిగే మనుషులు ఉంటారని డాక్టర్లకు తెలుసు. బోర్డు చూసేది బొమ్మలో ఉన్న నరం ఒత్తిడిని కాదు, ఆ ఒత్తిడి వల్ల కాలు ఏ పని చేయలేకపోతోంది అన్నదాన్ని. కనుక అయిదారు వేలు పెట్టి మళ్లీ ఎమ్మారై తీయించడానికి తొందరపడకండి. ఆపరేషన్‌కు ముందు తీసినదీ, తరువాత తీసినది ఉంటే అదీ చాలు.

తీయించవలసినవి వేరే ఉన్నాయి. మొదటిది కండరాల బలం పట్టిక. ఎముకల డాక్టరు గానీ నరాల డాక్టరు గానీ ఫిజియోథెరపిస్టు గానీ రెండు కాళ్ల కండరాల బలాన్ని 0 నుంచి 5 వరకు అంకెలతో కొలిచి రాస్తారు. 5 అంటే పూర్తి బలం. 4 అంటే 20 శాతం నష్టం, 3 అంటే 40, 2 అంటే 60, 1 అంటే 80, 0 అంటే పూర్తిగా పోయినట్టు. ఇది ఆ కండరాల నష్టం మాత్రమే, కాలు మొత్తానికి లెక్కగట్టేసరికి బాగా తగ్గుతుంది. అందుకే ‘కుడి కాలు బలహీనంగా ఉంది’ అనే ఒక్క ముక్క రాసిన చీటీ ఎందుకూ పనికిరాదు. చీలమండను పైకి లేపే కండరం బలం ఎంత, కాలి బొటనవేలిని పైకి లేపే బలం ఎంత, మునివేళ్లపై లేచే బలం ఎంత, ఎడమ కాలితో పోలిస్తే తేడా ఎంత అన్నది విడివిడిగా అంకెల్లో ఉండాలి. స్పర్శ ఎక్కడ మొద్దుబారింది, మడమ దగ్గర సుత్తితో కొడితే వచ్చే స్పందన ఉందా లేదా అన్నవి కూడా అదే కాగితంలో రాయించండి.

రెండవది నరాల ప్రసరణ పరీక్ష. ఇది కాలికి చిన్న విద్యుత్ ప్రేరణ ఇచ్చి నరం సంకేతాన్ని ఎంత బాగా తీసుకుపోతున్నదో కొలిచే పరీక్ష. మనిషి ఎంత బాగా నటించినా, ఎంత బాగా ఓర్చుకున్నా దాని ఫలితం మారదు. కర్నూలు పెద్దాసుపత్రిలో నరాల విభాగం ఉంది, ఓపీ చీటీ తీసుకుని అక్కడ అడగండి. మూడవది పిక్కల చుట్టుకొలత. మోకాలి చిప్ప కింద ఒకే దూరంలో రెండు పిక్కలకూ టేపుతో కొలత తీసి, తేడాను డాక్టరు చేత రాయించాలి. నరం చాలాకాలంగా దెబ్బతిన్న కాలిలో పిక్క సన్నబడుతుంది. నొప్పి గురించి ఎవరైనా ఏదైనా చెప్పగలరు గానీ, టేపు మీద రెండు సెంటీమీటర్ల తేడాను ఎవరూ కల్పించలేరు. వెన్నుపూసల్లో నిలకడ లేదని మీ డాక్టరుకు అనుమానం ఉంటే, మామూలు ఎక్స్‌రే కాక ముందుకు వంగినప్పుడు ఒకటి, వెనక్కు వాలినప్పుడు ఒకటి తీయమని అడగండి. నిలబడి తీసిన ఒక్క ఎక్స్‌రేలో ఆ విషయం బయటపడదు.

చికిత్స కాగితాల గురించి రెండు మాటలు. మార్గదర్శకాల్లో డిస్కు మెట్లన్నీ ‘చికిత్స పొందిన కేసు’ అనే మాటతోనే మొదలవుతాయి. అంటే చికిత్స జరిగిన ఆధారం లేకపోతే ఆ మెట్లలో అడుగు పెట్టడమే కుదరదు. ఆపరేషన్ డిశ్చార్జి సమ్మరీ, ఆపరేషన్‌కు ముందు పాదం ఎలా ఉందో రాసిన కేస్ షీట్, తరువాతి ఓపీ చీటీలు, ఫిజియోథెరపీ కార్డు అన్నీ తేదీల వరుసలో పెట్టండి. డిశ్చార్జి సమ్మరీ పోతే ఆపరేషన్ చేసిన ఆసుపత్రి రికార్డు విభాగానికి దరఖాస్తు పెట్టి నకలు తీసుకోండి. పల్లెల్లో ఆర్‌ఎంపీ దగ్గర వేయించుకున్న ఇంజెక్షన్లకు చీటీలు ఉండవు, వాటి గురించి రాయకపోవడమే మంచిది.

ఇక అప్పీలు ఎక్కడ పెట్టాలి అన్న సంగతి. దీనిలో రెండు నిర్ణయాలు కలిసి ఉన్నాయని గమనించండి. శాతం వేసింది ఆసుపత్రి బోర్డు, ఆ శాతాన్ని చూసి పింఛనుకు అనర్హులని నోటీసు ఇచ్చింది పింఛను యంత్రాంగం. 2024 జూలై నుంచి ఎన్టీఆర్ భరోసా పింఛను పథకం కింద దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలైంది, అంతకుముందు 3,000 ఉండేది. మంచానికే పరిమితమైన తీవ్ర కేసులకు 15,000 ఇస్తున్నారు. 2025 జనవరి నుంచి ఇంటింటి పరిశీలన, ఆసుపత్రి పరిశీలన మొదలయ్యాక నోటీసులు వచ్చాయి. ఆ నోటీసులపై అప్పీలును పల్లెల్లోనైతే మండల పరిషత్ అభివృద్ధి అధికారి (ఎంపీడీవో)కీ, పట్టణంలోనైతే మున్సిపల్ కమిషనర్‌కూ ఇవ్వాలి. మీరు ఆదోని మండలంలోని పల్లె కాబట్టి ఎంపీడీవో కార్యాలయమే మీ చోటు, ఆదోని మున్సిపాలిటీ కాదు. నోటీసులో రాసిన గడువును నోటీసు చేతికి అందిన తేదీ నుంచి లెక్కించండి. అందిన తేదీని నోటీసు వెనుక రాసి పెట్టుకోండి, గ్రామ సచివాలయం సిబ్బంది సంతకం పెట్టించుకున్న తేదీ వారి దగ్గర ఉంటుంది.

అర్జీకి నోటీసు నకలు, పాత సదరం సర్టిఫికెట్, కొత్త సర్టిఫికెట్, ఆధార్, పైన చెప్పిన వైద్య కాగితాలు జత చేయండి. ఒరిజినల్స్ ఎక్కడా ఇవ్వవద్దు, జెరాక్సులు మాత్రమే ఇచ్చి ఒరిజినల్స్ చూపించండి. మీ దగ్గర ఉంచుకునే రెండో ప్రతి మీద కార్యాలయం ముద్ర, తేదీ, అందుకున్నవారి సంతకం వేయించుకోకుండా బయటికి రావద్దు. ‘ఆన్‌లైన్‌లో ఎక్కించాం, వెళ్లండి’ అంటే, ఆ ఆన్‌లైన్ రశీదు నంబరు అడిగి రాసుకోండి. సెక్షన్‌లో కూర్చున్నవాడిగా చెబుతున్నాను, ముద్ర లేని అర్జీ దొరకకపోతే వెతికేవారు ఎవరూ ఉండరు.

అర్జీ ఒక పేజీ దాటకూడదు. భాష మీకు వచ్చినట్టే ఉండవచ్చు గానీ వరుస ముఖ్యం. మీ నాన్నగారి తరఫున నేనైతే ఇలా రాస్తాను:

‘నాకు నడుములో ఎల్4–ఎల్5 డిస్కుకు ఆపరేషన్ జరిగింది, డిశ్చార్జి సమ్మరీ జత చేశాను. ఆపరేషన్ తరువాత కుడి పాదాన్ని పైకి లేపలేకపోతున్నాను. ఇటీవలి పరిశీలనలో నా నడుముకు 30 శాతం వేశారు, దానిపై నాకు అభ్యంతరం లేదు. అయితే నరం దెబ్బతినడం వల్ల నా కుడి కాలికి వచ్చిన బలహీనతను విడిగా కొలిచి కలిపినట్టు సర్టిఫికెట్‌లో కనబడటం లేదు. కండరాల బలం పట్టిక, నరాల ప్రసరణ పరీక్ష రిపోర్టు జత చేశాను. పాత సర్టిఫికెట్ తరువాత నా కాలు పరిస్థితి మెరుగుపడలేదు. కనుక ఎముకల డాక్టరుతో పాటు నరాల డాక్టరు కూడా ఉన్న వేరే బోర్డు చేత నన్ను మరోసారి పరీక్ష చేయించి, నరాల లోపాన్ని కూడా లెక్కించి శాతాన్ని నిర్ణయించవలసిందిగా, అప్పీలు తేలేవరకు పింఛను ఆపవద్దని కోరుతున్నాను.’

‘దానిపై నాకు అభ్యంతరం లేదు’ అన్న వాక్యం చూసి మీకు ఆశ్చర్యం కలగవచ్చు. ఆ వాక్యం కావాలనే పెట్టాను. బోర్డు చేసిన పనిలో సగాన్ని మీరే ఒప్పుకుంటే, రెండో బోర్డు ఆ సగాన్ని మళ్లీ తవ్వవలసిన అవసరం తగ్గుతుంది, దృష్టి కాలు మీద నిలుస్తుంది. అలాగని హామీ ఏమీ లేదు. మళ్లీ పరీక్షిస్తే 30 కాస్తా 25 కావడం కూడా సాధ్యమే, ఇది తెలిసే అర్జీ పెట్టాలి. పాత సర్టిఫికెట్‌లో 48 ఉంది కాబట్టి ఇప్పుడూ అంతే ఇవ్వాలి అనే వాదన కూడా నిలవదు. వెన్నెముక వైకల్యం కాలంతో మారుతుంది కనుక ఆ సర్టిఫికెట్లను మళ్లీ సమీక్షించవచ్చునని మార్గదర్శకాలే చెబుతున్నాయి. పాతదాన్ని హక్కుగా కాక సాక్ష్యంగా వాడండి: అప్పుడే పాదం బలహీనత నమోదైంది, తరువాత తగ్గలేదు అని. పాత సర్టిఫికెట్‌లో వైకల్యం వివరం కింద కాలి గురించి ఏమైనా రాసి ఉంటే ఆ వాక్యాన్ని అర్జీలో యథాతథంగా ఎత్తి రాయండి.

మొదటి బోర్డు దేనికి ఎన్ని మార్కులు వేసిందో తెలుసుకోవడం మంచిది. సదరం పరీక్షలో నింపిన మూల్యాంకన పత్రం నకలును సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు, అది మీ నాన్నగారి సొంత వైద్య సమాచారం కనుక ఆయన పేరు మీదే దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో మండల స్థాయి కార్యాలయానికి ఫీజు 5 రూపాయలు, ఆ పై కార్యాలయాలకు 10 రూపాయలు, తెల్ల రేషన్ కార్డు నకలు జత చేస్తే ఆ ఫీజు కూడా అక్కర లేదు. సమాధానానికి 30 రోజుల గడువు ఉంటుంది కాబట్టి దాని కోసం ఎదురుచూస్తూ అప్పీలు గడువు దాటనివ్వవద్దు. రెండూ ఒకే రోజు పెట్టండి. పత్రం వచ్చాక, కాలి గడి ఖాళీగా ఉన్నదని తేలితే దానిని అనుబంధంగా ఇవ్వవచ్చు.

రెండో పరీక్ష రోజు ఎలా ఉండాలో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే కాగితాల మీద గెలిచిన కేసులు ఈ గదిలో ఓడిపోతాయి. ఆదోని నుంచి ఎమ్మిగనూరు మీదుగా కర్నూలుకు నూరు కిలోమీటర్ల దాకా బస్సు ప్రయాణం. నడుము రోగికి అది తేలిక కాదు, వీలైతే ముందు రోజే చేరండి. ఆయన రోజూ వేసుకునే చెప్పులే వేసుకుని రావాలి, పరీక్ష కోసం కొత్తవి కొనవద్దు. పాదం లేవని మనిషి చెప్పు ముందు అంచు, బొటనవేలి కింది భాగం, మిగతా దానికంటే ముందుగా అరిగిపోయి ఉంటుంది. ఎడమ చెప్పు పక్కన పెడితే తేడా చూపుకే తెలుస్తుంది. కుడి చెప్పు జారిపోకుండా వెనుక దారమో పట్టీయో కట్టుకుని ఉంటే దాన్ని కూడా విప్పవద్దు. అనుభవం ఉన్న డాక్టరు మనిషి గదిలోకి వచ్చేటప్పుడే నడకను చూస్తాడు, మంచం మీద పడుకోమన్న తరువాత కాదు.

డాక్టరు మడమల మీద నడవమంటాడు, మునివేళ్ల మీద నడవమంటాడు, బొటనవేలిని తన వేలికి ఎదురుగా పైకి లేపమంటాడు. చేయగలిగింది పూర్తి బలంతో చేయాలి, చేయలేనిది చేయలేనని చెప్పాలి. ఇక్కడే కొందరు ఇంట్లోవాళ్ల సలహా విని, ఉన్న నొప్పికి ఇంకొంత జోడిస్తారు. పడుకున్నప్పుడు కాలు జానెడు లేపగానే కెవ్వుమన్న మనిషి, పరీక్ష అయ్యాక మంచం మీద కాళ్లు బారజాపి కూర్చుని ముందుకు వంగి తన పాంటు సర్దుకుంటే, డాక్టరు ఏమీ అనడు, రాసుకుంటాడు. ఆ తరువాత నిజంగా లేవని పాదాన్ని కూడా అతను అనుమానంతోనే చూస్తాడు. మీ నాన్నగారికి నిజమైన లోపం ఉన్నప్పుడు దానికి నటన జోడించడం చేతిలో ఉన్నదాన్ని పారేసుకోవడమే.

డాక్టరు ‘ఏమి ఇబ్బంది’ అని అడిగితే మొదటి మాట నొప్పి కాకూడదు. ‘కుడి పాదం లేవదు, గడప దాటేటప్పుడు వేళ్లు తగిలి పడుతున్నాను, మెట్లు ఎక్కేటప్పుడు కాలిని చేత్తో ఎత్తి పెట్టుకుంటున్నాను’ అని చెప్పమనండి, అవి నిజమైతే. నేల మీద కూర్చుని అన్నం తినగలరా, మరుగుదొడ్డిలో గొంతుక్కూర్చుని లేవగలరా, బిందెడు నీళ్లు ఎంత దూరం తేగలరు, ఇంటి నుంచి బస్సు స్టాపు దాకా ఎన్ని చోట్ల ఆగుతారు అన్నవి ఒక వారం పాటు గమనించి ఇంట్లో రాసి పెట్టుకోండి. ఆ కాగితాన్ని బోర్డుకు ఇవ్వడం కోసం కాదు, అడిగినప్పుడు తడబడకుండా ఒకే మాట చెప్పడం కోసం. మీరు పక్కన ఉంటే ఆయన బదులు మీరు మాట్లాడవద్దు.

ఒక విషయం మాత్రం పింఛనుతో సంబంధం లేకుండా చెప్పాలి. మూత్రం ఆపుకోలేకపోవడం, లేదా మూత్రం వస్తున్నట్టే తెలియకపోవడం, తొడల మధ్య భాగం మొద్దుబారడం, రెండు కాళ్లూ ఒక్కసారి బలహీనపడటం వంటివి కొత్తగా కనిపిస్తే అప్పీలు సంగతి పక్కనబెట్టి అదే రోజు పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకువెళ్లండి. గంటలు ముఖ్యమైన పరిస్థితి అది. ఇప్పటికే అటువంటి సమస్య పాతదిగా ఉండి, సిగ్గుతో ఎవరికీ చెప్పకుండా ఉంటే, అది కూడా నరాల లోపమే. డాక్టరుకు చెప్పి నమోదు చేయించాలి. మగవాళ్లు ఈ మాటను కూతురి ఎదుట చెప్పరు, మీ అమ్మగారి ద్వారా గానీ అన్నదమ్ముల ద్వారా గానీ కనుక్కోండి.

రెండో బోర్డు కూడా 40 లోపే వేస్తే ఏమిటి? 2016 చట్టంలోని 59వ సెక్షన్ ప్రకారం, వైకల్య ధ్రువీకరణ అధికారి నిర్ణయంతో ఏకీభవించనివారు రాష్ట్ర ప్రభుత్వం నియమించిన అప్పీలు అధికారి దగ్గరకు వెళ్లవచ్చు. కొత్తగా సదరం తీసుకుని మొదటిసారే తక్కువ శాతం వచ్చినవారికి కూడా ఈ దారే. ధ్రువీకరణను తిరస్కరిస్తే కారణాలను రాతపూర్వకంగా తెలపాలని ఆ చట్టం కింద వచ్చిన 2017 నిబంధనలు చెబుతున్నాయి కాబట్టి, కారణం రాయని తిరస్కరణ కాగితాన్ని అలాగే అంగీకరించవద్దు. దీనితో పాటు సోమవారం నాడు కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వవచ్చు. కర్నూలులో అది సునయన ఆడిటోరియంలో జరుగుతుంది. అక్కడ కలెక్టరు గారు శాతం పెంచరు, పెంచలేరు కూడా. ఆ అర్జీ వల్ల వచ్చే ప్రయోజనం ఏమిటంటే, మీ అప్పీలు ఎక్కడ ఆగి ఉందో దానికి ఒక నంబరు పడుతుంది, ప్రభుత్వ కాల్ సెంటర్ 1100కు ఫోన్ చేసి ఆ నంబరుతో స్థితి అడగవచ్చు.

న్యాయవాది అవసరమైతే డబ్బు పెట్టనవసరం లేదు. 1987 న్యాయ సేవల అధికార సంస్థల చట్టం కింద దివ్యాంగులకు, ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా కోర్టు ఆవరణలో ఉండే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయానికి వెళ్లవచ్చు, న్యాయ సహాయ నంబరు 15100కు ఫోన్ చేయవచ్చు. రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు, హైకోర్టులో రిట్ అనేవి ఆ తరువాతి మెట్లు. పాదం బలహీనత కాగితాల మీద స్పష్టంగా ఉండి కూడా రెండుసార్లు దాన్ని లెక్కించకుండా వదిలేసినప్పుడు తప్ప అంత దూరం పోవడం మంచిదని నేను అనుకోను.

నోటీసులో కారణం శాతం కాకుండా ఇంకేదైనా ఉందేమో కూడా ఒకసారి చదవండి. పింఛను అర్హత తేల్చే ఆరంచెల పరిశీలనలో కుటుంబ ఆదాయం పల్లెల్లో నెలకు 10,000 రూపాయలు, పట్టణాల్లో 12,000 దాటకూడదు, మాగాణి మూడెకరాలు గానీ మెట్ట పదెకరాలు గానీ మించకూడదు, కరెంటు వాడకం నెలకు సగటున 300 యూనిట్లకు లోపు ఉండాలి, ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరు తప్ప నాలుగు చక్రాల బండి ఉండకూడదు. అన్నదమ్ముల ఇళ్లకు ఒకే మీటరు ఉండి యూనిట్లు దాటిపోయిన కేసులు మన వైపు తరచుగా చూస్తాం. ఆ కారణం ఉంటే దానికి వైద్య కాగితాలు పనికిరావు, సచివాలయంలో వేరుగా సరిచేయించుకోవాలి.

40 శాతం వేయిస్తామని డబ్బు అడిగేవారు ఆసుపత్రి గేటు దగ్గరే కాదు, ఊళ్లలో కూడా ఉన్నారు. ఈ పునఃపరిశీలన అంతా వచ్చిందే అటువంటి సర్టిఫికెట్ల వల్ల. మోసపూరితంగా దివ్యాంగుల ప్రయోజనం పొందితే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ అని 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 91వ సెక్షన్ చెబుతోంది. డబ్బు తీసుకున్నవాడి పేరు ఆ సర్టిఫికెట్ మీద ఉండదు, మీ నాన్నగారి పేరు ఉంటుంది.

మీరు నోటీసు అందిన తేదీ, కొత్త సర్టిఫికెట్‌లో వైకల్యం వివరం కింద రాసిన వాక్యం, శాశ్వతమా తాత్కాలికమా అన్న ముక్క, పాత సర్టిఫికెట్‌లో కాలి ప్రస్తావన ఉందా లేదా అన్నది రాయండి. ఆధార్ నంబరు, సర్టిఫికెట్ నంబరు మాత్రం ఇక్కడ పెట్టవద్దు. ఆ వివరాలు చూసి, పైన రాసిన అర్జీలో ఏ వాక్యం మార్చాలో చెబుతాను.